‘ఆ స్టెప్పు తీసేస్తే సరిపోతుందా అక్కా?’ మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిల్స్ అన్నీ ముందేసుకుని చూస్తే సగానికి పైగా ఒకటే గొడవ. సినిమాల్లో ఏం చూపించొచ్చు, ఏం చూపించకూడదు, ఎవరికి కోపం వస్తే ఎంత మార్చాలి, అసలు మార్చాలా అని. అందుకే ఓటీటీ డేట్లు, హీరోల రెమ్యునరేషన్లు అడిగినవాళ్ళందరూ ఒక్క నెల ఓపిక పట్టండి, ఈసారికి ఇవే. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు, ఊరి పేరు మాత్రం ఉంచాను.

ప్రశ్న: అక్కా, మా పాపకి తొమ్మిదేళ్ళు. మొన్న హాల్లో ఫ్రెండ్‌తో కలిసి డాన్స్ చేస్తుంటే చూశాను, ‘అదిదా సర్‌ప్రైజు’ పాటలో ఆ స్కర్టు ముందు పట్టుకుని లాగే స్టెప్పు. నాకు నోట మాట రాలేదు. సినిమాలో ఆ స్టెప్పు తీసేశారని పేపర్లో చదివాను కదా, మరి మా పిల్ల ఎక్కడ చూసింది? అసలు తీసేస్తే సరిపోతుందా? (విజయవాడ)

ఫోన్లో చూసింది అన్నయ్యా, ఇంకెక్కడ. ఇక్కడ జరిగింది వరసగా చెప్తాను. ‘రాబిన్‌హుడ్’ సినిమా 2025 మార్చి చివర్లో రిలీజ్, పాట మాత్రం ఆ నెల మొదట్లోనే యూట్యూబ్‌లో వచ్చేసింది, వచ్చిన వెంటనే ఆ స్టెప్పు మీద తిట్లు మొదలయ్యాయి. అంతకుముందు జనవరిలోనే ‘డాకు మహారాజ్’లో ‘దబిడి దిబిడి’ మీద ఇదే గొడవ జరిగి ఉంది. మార్చి 20న తెలంగాణ మహిళా కమిషన్ డైరెక్టర్లకి, నిర్మాతలకి, కొరియోగ్రాఫర్లకి హెచ్చరిక జారీ చేసింది, ఆడవాళ్ళని కించపరిచే స్టెప్పులు ఆపకపోతే చట్టప్రకారం చర్య తీసుకుంటాం అని. తర్వాత థియేటర్‌కి వచ్చిన ప్రింట్‌లో ఆ స్టెప్పు లేదు. అంటే థియేటర్లో లేదు, కానీ థియేటర్ కంటే ముందు రెండు వారాలకి పైగా అది ప్రతి ఇంట్లో ఫోన్లో ఆడింది. థియేటర్లో వేసేదానికి సెన్సార్ బోర్డు ఉంది, యూట్యూబ్‌లో పెట్టే పాటకి లేదు, ఆ పాటని పదిహేను సెకన్లకి కత్తిరించి రీల్ చేసుకునేవాళ్ళకి అసలే లేదు.

ఇంకోటి కూడా మనం తెలుసుకోవాలి. ఇప్పుడు హుక్ స్టెప్ అనేది సినిమా కోసం పుట్టట్లేదు, రీల్ కోసం పుడుతోంది. ఎవరైనా సరే ఇంట్లో నిలబడి చేయగలిగేలా ఉండాలి, చూడగానే గుర్తుండిపోవాలి, జనం తిట్టుకున్నా పర్లేదు షేర్ చేయాలి. ఆ లెక్కలో చూస్తే ఆ స్టెప్పు అది చేయాల్సిన పని రిలీజ్‌కి ముందే చేసేసింది, రిలీజ్ రోజు తీసేయడం వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు, సరిపోదు. నాకు బాధ కలిగించేది ఏంటంటే రిహార్సల్ జరిగినప్పుడు ఆ గదిలో బోలెడంత మంది ఉంటారు, ఎడిటింగ్‌లో ఇంకొంతమంది చూస్తారు, ఆడియో కంపెనీవాళ్ళు చూస్తారు, ఇంతమందిలో ఒక్కరు, ఇది బాగోలేదు మార్చుదాం అని గట్టిగా అనగలిగే స్థానంలో ఉన్న ఒక్క ఆడమనిషి ఉండి ఉంటే ఆ మాట కమిషన్ దాకా వచ్చేదే కాదేమో అనిపిస్తుంది.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించాక యూఏ సర్టిఫికెట్‌ని మూడు రకాలు చేశారు, 7+, 13+, 16+ అని. మీ పాపని తీసుకెళ్ళేముందు టికెట్ యాప్‌లో అది ఒకసారి చూసుకోండి, 16+ అని ఉంటే హాల్లో ఎవరూ మిమ్మల్ని ఆపరు, నిర్ణయం మీదే. ఇక పాపని తిట్టకండి దయచేసి. దానికి అది డాన్స్, అంతే, అందులో ఇంకో అర్థం ఉందని మన మొహాలు చూశాకే దానికి తెలుస్తుంది. ‘నాటు నాటు’ పెట్టి మీరు కూడా పక్కన నిలబడి కాళ్ళు ఆడించండి, ఆ స్టెప్పు కష్టం, అది నేర్చుకునేసరికి దీన్ని మర్చిపోతుంది.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ సెకండియర్. ‘అర్జున్ రెడ్డి’ ఇప్పటికి ఆరేడు సార్లు చూశాను, ప్రతిసారీ ఏడుస్తాను. మా క్లాస్‌లో అమ్మాయిలు నన్ను చూసి ‘ఆ సినిమా నచ్చిందంటే నీకు బుద్ధి లేదు’ అంటున్నారు. నచ్చడం తప్పా? (రాజమండ్రి)

తప్పు కాదు తల్లీ. 2017 ఆగస్టులో నేను ఆ సినిమా ఫుల్ హౌస్‌లో చూశాను, నానమ్మ చనిపోయిన తర్వాత సీన్లు నన్నూ పట్టేశాయి. దుఃఖాన్ని అంత దగ్గరగా, అంత పొడుగ్గా చూపించిన మెయిన్‌స్ట్రీమ్ తెలుగు సినిమా అప్పటికి నేను చూడలేదు. నచ్చిందాన్ని నచ్చలేదని అబద్ధం చెప్పుకుంటే మనకి మన మనసే అర్థం కాకుండా పోతుంది.

కానీ ఒక పని చెయ్యి. ఏడోసారో ఎనిమిదోసారో చూసేటప్పుడు అర్జున్‌ని వదిలేసి ప్రీతిని మాత్రమే చూడు. ఆ పిల్లకి ఏ సబ్జెక్ట్ ఇష్టం, హాస్టల్లో ఎవరితో పోట్లాడింది, ఇంట్లో ఏం కూర ఇష్టంగా తింటుంది, అర్జున్ మొదటిసారి అడక్కుండా ముద్దు పెట్టి వెళ్ళిపోయిన రాత్రి గదికెళ్ళి ఏమనుకుంది. ఒక్కదానికీ మన దగ్గర జవాబు లేదు. మీ క్లాస్ అమ్మాయిలు పడుతున్న బాధ అది, వాళ్ళు మాత్రం దాన్ని నీ బుద్ధి మీదకి తిప్పారు, అది వాళ్ళ తొందర.

ఆ సినిమా రిలీజప్పుడు ఏం జరిగిందో నీకు తెలుసో లేదో, అప్పుడు నువ్వు చిన్నపిల్లవి. కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు గారు హైదరాబాద్‌లో ఆర్టీసీ బస్సు మీద అంటించిన ముద్దు పోస్టర్ చింపేశారు, పేపర్ల నిండా అదే. ముద్దు బొమ్మ బస్సు మీద ఉండొచ్చా లేదా అని రోజుల తరబడి చర్చ జరిగింది, ఆ ముద్దుకి ముందు ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా అనే మాట మీద అందులో పదో వంతు కూడా జరగలేదు. దీని మీద అసలు చర్చ దేశం మొత్తం లేచింది 2019లో హిందీ ‘కబీర్ సింగ్’ వచ్చాక. సంస్కారం పేరుతో వచ్చే కోపం చాలాసార్లు తప్పు చోట పడుతుంది అనడానికి నేను ఎప్పుడూ ఈ పోస్టర్ సంగతే చెప్తాను.

ఇప్పుడు ‘ద గర్ల్‌ఫ్రెండ్’ చూడు, 2025 నవంబర్‌లో వచ్చింది, రాహుల్ రవీంద్రన్ తీశాడు. అబ్బాయి విక్రమ్ దాదాపు అదే రకం, నాది నాది అని చుట్టూ కంచె కట్టే రకం, కానీ కెమెరా ఈసారి భూమ పక్కన కూర్చుంది. విక్రమ్ వాళ్ళమ్మగా రోహిణి గారు పెద్దగా మాట్లాడకుండానే నిలబడి ఉంటారు, ఆ సీన్‌లో భూమ తన భవిష్యత్తు మొత్తం చూసేసుకుంటుంది, నాకు వెన్నులో వణుకొచ్చింది. ‘అర్జున్ రెడ్డి’ డైరెక్టరే తీసిన ‘యానిమల్’లో హీరోయిన్‌గా చేసిన రష్మికే ఇందులో భూమ. ‘అర్జున్ రెడ్డి’, ‘ద గర్ల్‌ఫ్రెండ్’ రెండూ చూసి, మీ క్లాస్‌లో ఆ అమ్మాయిలని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడుకోండి. మొదటిదాన్ని బ్యాన్ చేసి ఉంటే మనకి దక్కేది ఏం లేదు, రెండోదాన్ని రాసినవాళ్ళు ఉండబట్టి దక్కింది.

ప్రశ్న: అన్నీ మనోభావాలే మేడమ్! నేను షార్ట్ ఫిల్మ్స్ రాస్తాను, ఫీచర్ ట్రై చేస్తున్నాను. విలన్‌కి ఇంటిపేరు పెడితే ఒకళ్ళకి కోపం, పురోహితుడి మీద జోకేస్తే ఒకళ్ళకి, ఆడవాళ్ళ మీద ఏం రాసినా ట్విట్టర్‌కి. నిర్మాత అయితే ‘ఏ కులమూ తెలియకుండా, ఏ ఊరూ తెలియకుండా రాయి’ అన్నాడు. అలా రాస్తే మనుషులు ఉంటారా అందులో? ఇలాగైతే క్రియేటివిటీ ఎక్కడ? (హైదరాబాద్)

తమ్ముడూ, నీ బాధ నిజమే కానీ నువ్వు మూడు వేరే వేరే సంగతుల్ని ఒకే సంచిలో వేసి మోస్తున్నావు, అందుకే అంత బరువుగా ఉంది.

మొదటిది, 2019 సెప్టెంబర్‌లో హరీష్ శంకర్ సినిమా ‘వాల్మీకి’. బోయ వాల్మీకి సంఘాలు అభ్యంతరం పెట్టాయి, ఒక గ్యాంగ్‌స్టర్ సినిమాకి మా ఆరాధ్యుడి పేరా అని. గొడవ కోర్టు దాకా వెళ్ళింది, చివరికి రిలీజ్‌కి ముందు రాత్రి పేరు ‘గద్దలకొండ గణేష్’ అయింది. ఆ సినిమా కథే ఒక క్రూరుడు కళ చేతిలో పడి మారిపోవడం, ఆ పేరులో కథ మొత్తం ఉంది, మారిన పేరులో హీరో పేరు తప్ప ఏం లేదు. ఆ సంఘాలవాళ్ళ బాధ అబద్ధం అని నేను అనను, తమ పేరు ఎప్పుడూ దొంగతనంతో కలిపి వినబడిన జనం వాళ్ళు. కానీ రాత్రికి రాత్రి భయంతో మార్చిన పేరు వల్ల వాళ్ళ మీద ఎవరికైనా ఒక్క ముక్క కొత్తగా తెలిసిందా? లేదు. పోస్టర్లు మారాయి, అంతే.

రెండోది, ‘పుష్ప’ మొదటి భాగం, 2021 డిసెంబర్. వ్యాన్‌లో పుష్ప శ్రీవల్లి ఒంటి మీద చెయ్యి వేసే సీన్ ఒకటి ఉండేది. రిలీజ్ అయ్యాక మామూలు ప్రేక్షకులు, కుటుంబాలతో వెళ్ళినవాళ్ళు, ఇదేం ప్రేమ అని అడిగారు, కొద్ది రోజులకే టీమ్ ఆ ముక్క తీసేసింది. సినిమాకి ఏమన్నా లోటొచ్చిందా? నాకైతే శ్రీవల్లి ప్రేమ ఇంకా నమ్మేలా అయింది. ఇక్కడ జరిగింది కత్తిరింపే అయినా ఇది సినిమా చూసినవాళ్ళు, సినిమా గురించే, సినిమా లోపలి నుంచి చెప్పిన మాట. ఇలాంటిది వింటే రచయిత చిన్నబోడు. అదే సినిమాలో ‘ఊ అంటావా’ పాట మగవాళ్ళని కించపరుస్తోందని ఆంధ్రలో ఒక పురుషుల సంఘం ఫిర్యాదు కూడా చేసింది, అది మాత్రం అలాగే ఉంది, ఉండాలి కూడా, ఎందుకంటే చంద్రబోస్ ఆ పాటలో అన్నది చాలామంది ఆడపిల్లలు రోజూ బస్సులో చూసే చూపు గురించి.

మూడోది మీ నిర్మాత. కులం తెలియకుండా ఊరు తెలియకుండా రాయమనడం ఉంది చూశావా, అది ఏ సంఘమూ అడిగింది కాదు, అది ముందే వేసుకున్న సంకెళ్ళు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు, చలం కథ, మాల అమ్మాయికీ బ్రాహ్మణ అబ్బాయికీ ప్రేమ. 1939లో ‘రైతుబిడ్డ’, జమీందార్లకి కోపమొచ్చింది, నిషేధం దాకా వెళ్ళింది, ఆ సినిమాకి డబ్బు పెట్టిన మనిషి కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా. ఎనభై ఏళ్ళకి పైగా కిందట మనోభావాలు లేవా? ఇంకా గట్టిగా ఉండేవి. వాళ్ళు కులం పేరు టైటిల్లోనే పెట్టి రాశారు. మన కాలంలో ‘పలాస 1978’ కూడా ఊరి పేరు, సంవత్సరం టైటిల్లో పెట్టుకునే వచ్చింది కదా.

నా సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక కథ రాశాను, అందులో ఒక మంత్రసాని, తాగి వచ్చి కాన్పు చేస్తుంది, నవ్వుకోడానికి రాశాను. మా ఊళ్ళో ఒక ముసలామె మనవరాలితో చదివించుకుని విని, నేను పండక్కి ఊరెళ్ళినప్పుడు పిలిపించింది. ‘మా అత్త ఊరంతటికీ కాన్పులు చేసె, వానలో పిలిచినా పోయె, కూలి ఇస్తే తీసుకొనె లేకుంటే లేదు, నువ్వు ఆమెని తాగుబోతుని చేస్తివి కదమ్మా’ అంది. కోప్పడలేదు. తీసెయ్ అనలేదు. అత్త గురించి గంటన్నర చెప్పింది, బొడ్డు దేంతో కోసేది, బిడ్డ అడ్డం తిరిగితే ఏం చేసేది, కాన్పయ్యాక ఆ ఇంట్లో ఎందుకు అన్నం తినేది కాదు, అన్నీ. నేను ఆ కథ మళ్ళీ రాశాను, నేను రాసినవాటిలో ఇప్పటికీ జనం గుర్తుపెట్టుకుని అడిగేది అదొక్కటే. అప్పటినుంచీ నాకొక అలవాటు, ఎవరైనా అభ్యంతరం చెప్తే ముందు చూసేది ఒకటే, ఈ మనిషి దగ్గర నాకు తెలియని కథ ఉందా? ఉంటే కూర్చుని వింటాను. చదవకుండా, చూడకుండా, వంద మందితో వచ్చి పేరు మార్చమంటే, నా పేరు పోయినా సరే మార్చను.

నువ్వు కూడా పురోహితుడి మీద జోకు రాసేముందు ఒక పురోహితుడితో నెల రోజులు తిరుగు. ఆషాఢమాసంలో పెళ్ళిళ్ళు లేక ఇల్లెలా నడుపుతాడో, స్కూటర్ మీద రోజుకి నాలుగు సత్యనారాయణ వ్రతాలు ఎలా తిరుగుతాడో చూస్తే నీ జోకు మారిపోతుంది, ఇంకా బాగా పేలుతుంది, ఆయన కూడా నవ్వుతాడు.

ప్రశ్న: మా బాబుకి నత్తి ఉంది. ఆరో తరగతి. టీవీలో ఏదో ఒక కామెడీ సీన్‌లో నత్తి క్యారెక్టర్ వస్తుంది, మర్నాడు క్లాసులో వాడిని ఆ పేరుతో పిలుస్తారు. స్కూలుకి వెళ్ళనని ఏడుస్తాడు. ఇలాంటివి బ్యాన్ చేయించలేమా అమ్మా? (శ్రీకాకుళం)

అమ్మా, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తెలుగు సినిమా ఈ విషయంలో మీ బాబుకి బాకీ ఉంది. నత్తి, చెవుడు, మెల్లకన్ను, పొట్టి, లావు, ఇవన్నీ మనవాళ్ళకి దశాబ్దాలుగా రెడీమేడ్ నవ్వులు, రాయక్కర్లేదు, నటుడు చేసేస్తాడు.

బ్యాన్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. ‘ఆంఖ్ మిచోలీ’ అని ఒక హిందీ సినిమా మీద నిపుణ్ మల్హోత్రా అనే వికలాంగుల హక్కుల కార్యకర్త సుప్రీంకోర్టుకి వెళ్ళారు, 2024 జూలైలో తీర్పొచ్చింది. కోర్టు సినిమాని కత్తిరించమనలేదు. కానీ ఒక మంచి తేడా చెప్పింది, వైకల్యం గురించి మనకి ఇంకాస్త అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు, ఆ మనిషిని కిందికి తొక్కేసే హాస్యం వేరు అని. ఇలాంటి పాత్రలు రాసేటప్పుడు ఆ ఇబ్బంది ఉన్నవాళ్ళని అడిగి రాయండి, మా గురించి మేం లేకుండా ఏదీ వద్దు అనే సూత్రం పాటించండి అని కూడా చెప్పింది. ‘రంగస్థలం’లో చిట్టిబాబుకి సరిగ్గా వినపడదు, దాని మీద నవ్వులున్నాయి, కానీ అతను ఆ సినిమాకి హీరో, అతని కోపం అతని ప్రేమ అన్నీ ఉన్నాయి, వినపడకపోవడం కథ మలుపులోనూ ఉంది. ఆ నవ్వుకీ మీరు చెప్పిన నవ్వుకీ చాలా తేడా.

మీరు ఇప్పుడు చేయాల్సింది మాత్రం కోర్టులో కాదు. క్లాస్ టీచర్‌ని విడిగా కలవండి, పిల్లల ముందు కాదు. బాబు చెప్పేటప్పుడు మధ్యలో అందుకుని పూర్తి చేయొద్దని, చెయ్యెత్తినప్పుడు కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వమని అడగండి. స్పీచ్ థెరపిస్టులు జిల్లా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వం నడిపే డీఈఐసీ అనే పిల్లల చికిత్స కేంద్రాల్లో ఉంటారు, అక్కడ అడిగి చూడండి. టీవీలో ఆ సీన్ వచ్చినప్పుడు ఛానెల్ మార్చేయకండి, మార్చేస్తే వాడు సిగ్గుపడాల్సిన విషయం ఏదో ఉందనుకుంటాడు. ‘ఇది రాసినాయనకి నీలాంటివాడు ఒక్కడు కూడా తెలియదురా’ అని చెప్పండి. అది నిజం కూడా.

ప్రశ్న: హీరోయిన్లు అందరూ తెల్లగా ఉండాలా? నల్లటి పాత్ర అయితే మేకప్ ఎందుకు పూస్తారు? (ఖమ్మం)

అక్కర్లేదు, పూయకూడదు. ‘పుష్ప’లో అల్లు అర్జున్‌కి ఒళ్ళు నల్లబరిచే మేకప్ వేశారు, అతని నటన నాకు చాలా ఇష్టం, ఆ రంగు మాత్రం నాకు ఎప్పుడూ గుచ్చుతుంది. రంగు మీద వివక్ష గురించే కథ రాసుకున్న ‘కలర్ ఫొటో’కి నేషనల్ అవార్డు ఇచ్చి మెచ్చుకున్న మనమే ఆడిషన్‌లో చామనఛాయ పిల్లల్ని వెనక్కి పంపుతున్నాం. ఫెయిర్‌నెస్ క్రీమ్ యాడ్ వద్దన్న సాయిపల్లవికి మీరందరూ అంత ప్రేమ చూపిస్తున్నారు కదా, అదే ప్రేమ కొత్తమ్మాయిల మీద కూడా చూపించండి.

ప్రశ్న: అక్కా నమస్తే. నేను సిరిసిల్లల సాంచెల (మరమగ్గాల) మీద పనిజేస్త. చిన్నప్పటి సంది సూస్తున్న, సినిమాల మా భాష మాట్లాడేటోడు అయితే రౌడీ, లేకుంటె జోకర్. గిప్పుడు హీరోలు గూడ మా భాషనే మాట్లాడుతున్నరు. మంచిదే. కని అండ్ల సగం మాటలు మాకే తెల్వయి. ఊకె ‘గిట్ల గట్ల’ అంటె మా భాష అయితదా? గిది గౌరవమా, ఫ్యాషనా? (సిరిసిల్ల)

తమ్ముడూ, ఈ నెల వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చిన ఉత్తరం నీదే, అందుకే చివరికి పెట్టుకున్నాను తీరిగ్గా రాద్దామని.

నేను అనంతపురం దాన్ని. డిగ్రీకి హైదరాబాద్ వచ్చాను, అది ఫ్యాక్షన్ సినిమాల కాలం, 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’, ‘ఆది’. హాస్టల్లో నేను నోరు తెరిచి ‘ఏమప్పా’ అంటే చాలు, ‘బ్యాగులో బాంబులేమన్నా ఉన్నాయా’ అనేవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళకి అనంతపురం అంటే తెలిసింది అదే. మా నాన్న శనక్కాయ చేను ఎండిపోతే ఆకాశం చూస్తూ కూర్చునేవాడు, ఆ మనిషి ఏ సినిమాలోనూ లేడు. నేను మూడు నెలల్లో యాస మార్చేసుకున్నాను. అది ఇప్పటికీ నాకు పూర్తిగా వెనక్కి రాలేదు, మా అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా మధ్య మధ్యలో తప్పిపోతుంది.

మీ సంగతి ఇంకా పాతది. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు గారు కాశయ్యగా తెలంగాణ యాస మాట్లాడారు, ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు, ఎంత గొప్పగా చేశారంటే దాని తర్వాత విలన్‌కి ఆ యాస పెట్టడం ఒక ఫార్ములా అయిపోయింది. ఆయన తప్పు కాదు అది, ఆయన మహానటుడు. తప్పు ఏంటంటే ఆ కాశయ్య చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళు కూడా ఆ యాసే మాట్లాడేవాళ్ళు కదా, వాళ్ళకి మాత్రం సినిమాలో పుస్తకాల భాష ఇచ్చారు. విలన్‌కి ఊరుంది, మంచివాడికి ఊరు లేదు.

తెలంగాణ ఉద్యమం ఈ మాటని గట్టిగా అడిగింది, అడిగింది కాబట్టే మారింది, ఇది కాదనలేం. కానీ ‘ఫిదా’ భానుమతి రావడానికి ఎవరూ ఆర్డర్ వేయలేదు. 2017లో శేఖర్ కమ్ముల బాన్సువాడ పిల్లని రాశాడు, సాయిపల్లవి తమిళనాడు పిల్ల అయినా ఆ భాష నేర్చుకుని సొంత గొంతుతో డబ్బింగ్ చెప్పుకుంది. ఆ పిల్ల జోకర్ కాదు, తెలివైంది, మొండిది, ఆ భాషలోనే ప్రేమించింది, ఆ భాషలోనే తిట్టింది. ఇక 2023లో ‘బలగం’. వేణు యెల్దండి మీ సిరిసిల్ల మనిషే, అన్నేళ్ళు కామెడీ వేషాలు వేసినవాడు, మనిషి పోయాక మూడో రోజు కాకి ముట్టకపోతే ఇంట్లో ఏం జరుగుతుందో తీశాడు. కాకి కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూడటం ఉంది కదా, దాన్ని బయటివాడు రాస్తే మూఢనమ్మకం అని నవ్వించేవాడు, లేకపోతే మెసేజ్ ఇచ్చేవాడు. వేణుకి ఆ ఎదురుచూపు తెలుసు. చివర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే నేను మా నాన్న కోసం ఏడ్చాను, నా యాస కాదు, నా ఊరు కాదు, అయినా.

నువ్వడిగిన తేడా అదే అనుకుంటా. ‘గిట్ల గట్ల’ అనేది డైలాగ్ రాశాక పైన చల్లే కొత్తిమీర. మామూలు భాషలో రాసేసి, తర్వాత ఒకర్ని పిలిచి యాసలోకి మార్చమంటారు, అందుకే మాట మారుతుంది గానీ ఆలోచన మారదు. మీ భాషలో కోపం ఎక్కడ వస్తుంది, ప్రేమ ఉన్నా పైకి అనకుండా ఏమంటారు, అమ్మని ఏమని పిలిచి అలుగుతారు, ఇవి రాసేవాడి నోట్లో పుట్టాలి. 2018లో ‘అరవింద సమేత’ అప్పుడు త్రివిక్రమ్ మా రాయలసీమ మనిషి పెంచలదాస్‌ని పక్కన పెట్టుకున్నాడు, ‘రెడ్డమ్మ తల్లి’ పాట ఆయన రాసిందే, అందులో ఫ్యాక్షన్ ఇంటి ఆడమనిషి ఏడుపు మొదటిసారి నాకు మా పక్క ఏడుపులా వినిపించింది. 2021లో ‘సినిమా బండి’ వచ్చింది, కర్ణాటక బార్డర్ పల్లెలో ఆటో డ్రైవర్‌కి కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీసే కథ, ఒక్క బాంబు లేదు, ఒక్క సుమో లేదు, అందరూ మావాళ్ళే, మా మాటే. అది చూశాక మా అమ్మకి ఫోన్ చేసి పావుగంట ‘ఏమ్మా’ ‘ఏమ్మా’ అంటూ పాత యాసలోనే మాట్లాడాను.

కాబట్టి గౌరవమా ఫ్యాషనా అంటే ఇప్పటికి రెండూ కలిసి నడుస్తున్నాయి తమ్ముడూ, ఫ్యాషన్ పోయాక కూడా మిగిలేది మీలో రాసేవాళ్ళు ఎంతమంది ఆ గదుల్లోకి వెళ్ళారు అనే దాన్ని బట్టే ఉంటుంది. ‘బలగం’ని తెలంగాణ పల్లెల్లో నడి ఊళ్ళో తెర కట్టి, సాపలు పరుచుకుని చూశారు, అది థియేటర్లో ఆడి, ఓటీటీలో కూడా వచ్చేసిన తర్వాత. మా దగ్గర అలా తెర కట్టించుకునే సినిమా ఇంకా రావాలి.

నీకొక పని. సాంచెల కాడ మీరు మాట్లాడుకునే మాటలు, దారం తెగితే ఏమంటరు, రాత్రి పాళి చేసేటోడిని ఏమని ఏడిపిస్తరు, సేఠు కూలి ఆపితే ఒకరితో ఒకరు ఏం చెప్పుకుంటరు, గుర్తొచ్చినన్ని రాసి పంపు. తప్పులు చూసుకోవద్దు, నోటికి వచ్చినట్టే రాయి. వచ్చే సంచికలో అలాగే వేస్తాను, ఒక్క అక్షరం మార్చను.